తీగకీ కర్రకీ మధ్య

రెండేళ్లు నా వేళ్లనే తిట్టుకున్నాను.
డీజిల్ షెడ్డులో పదహారేళ్లు స్పానరు తిప్పిన వేళ్లు,
వీటికి గిటారేమిటని
మర్రిపాలెం క్వార్టర్లో యాంప్లిఫయర్ మీద తల వాల్చి
నిద్రపోయిన రాత్రులున్నాయి.
మొదటి మెట్టు మీద 'ఎఫ్' పట్టబోతే
చూపుడువేలి కింద రెండు తీగలు మూగబోయేవి,
మిగతావి కీచుమనేవి.
పై వాటా దాలమ్మగారు
చీపురు కర్రతో నేల మీద కొట్టేవారు,
పాపం, ఆవిడదే సరైన తాళం.

వాసుపల్లి జోజి బోటు ఇంజన్ల మెకానిక్కు.
ఫిషింగ్ హార్బరులో ఐసు ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డు.
చర్చి కుర్రాళ్ల గిటార్లు కూడా చూస్తాడు.
ఒక కన్ను మూసి, గురి పెట్టినట్టు
మెడ పొడవునా చూశాడు.
"ఒంగిపోనాది బాబూ.
సముద్రం గాలంతా కర్ర తాగీసినాది.
మద్దిలో నీ ఏళ్లేటి సేస్తాయి?"

నా జేబులో ఫీలర్ గేజి ఎప్పుడూ ఉంటుంది,
వాల్వుల సందు కొలిచేది.
మొదటి మెట్టూ చివరి మెట్టూ నొక్కిపట్టి
ఏడో మెట్టు దగ్గర తీగ కింద రేకు దూర్చాం.
అర మిల్లీమీటరు, ఇంకా వదులే.
ఇంజన్లో ఇంత సందు వదిలితే
ఫోర్‌మన్ నన్ను నిలబెట్టి కడిగేవాడు.
"రెండేళ్లూ కొలవనేదేటి?"
ఏం చెప్పను?
కొలతలు ఇంజన్లకే అనుకున్నాను.

మెడలోపలి ఇనపకడ్డీని పావు చుట్టు బిగించి
టీ తాగొద్దాం అన్నాడు.
కర్రకి టైమివ్వాలట.
టీ అయ్యాక ఇంకొంచెం, వెంట్రుకవాసి.
నట్టు గాడిలో ఆకురాయి పెట్టేటప్పుడు మాత్రం
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
"దిగిపోతే మరెక్కదు."
పన్నెండో మెట్టు మీద నొక్కిన స్వరం,
ఊరికే తాకి వదిలిన స్వరం
ఒకటయ్యేదాకా బ్రిడ్జి స్క్రూలు తిప్పుతూ ఉన్నాడు.
మధ్యలో ట్రాలర్ హారన్ మోగింది.
ట్యూనర్ ముల్లు ఉలిక్కిపడి అటు దూకింది.

డబ్బులిస్తే తీసుకోలేదు.
"కొత్త తీగలు కొనుక్కో. వాయించినాక తుడు.
ఇది వైజాగు.
ఇనప్పెట్టిలో దాసినా తుప్పు తలుపు కొడతాది."

ఇంటికొచ్చి ఎఫ్ పట్టాను.
ఆరు తీగలూ పలికాయి.
ఆ సంతోషం తొమ్మిది నిమిషాలు.
పదో నిమిషం నుంచి
తప్పులన్నీ నావే, కర్రవి కావు.

చిటికెనవేలు పనిలేనప్పుడల్లా గాల్లోకి లేస్తోంది,
టీ కప్పు పట్టుకున్న దొరసానిలా.
బొటనవేలు మెడ వెనక నుంచి పీక నొక్కుతోంది.
జోజికి ఫోన్ చేస్తే ఒకటే మాట:
"ఒగ్గీ బాబూ. నొక్కడం అందరికీ వొచ్చు."

తీగ మీద వేలుంచి బరువు తగ్గిస్తూ, తగ్గిస్తూ,
బుర్రుమనే చోట ఆగి
ఒక్క పిసరు పెంచాలి.
అంతే బలం చాలు.
నేను వాడింది దానికి మూడింతలు;
ఇన్నాళ్లూ తీగని నట్టులా బిగించాను.

బి షిఫ్టు దిగి వచ్చేసరికి పదిన్నర.
హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇరవై నిమిషాలు,
మెట్రోనోమ్ అరవై మీద, నాలుగే స్వరాలు.
ఏడుసార్లు తడబడకపోతే అరవై రెండు.
తడబడితే మళ్లీ అరవై.
నెల దాటింది, డెబ్బై నాలుగు దగ్గరున్నాను.
నిన్న డెబ్బై ఆరు ముట్టుకుని
చెయ్యి కాలినట్టు వెనక్కొచ్చాను.

కుళాయి దగ్గర దాలమ్మగారు అడిగారు:
"వాయించడం మానీసేవా నాయనా?"
లేదండీ అన్నాను.
ఆవిడ నమ్మినట్టు లేదు.

పాత లుంగీ గుడ్డతో తీగలు తుడుస్తున్నాను.
గుడ్డ మీద ఆరు సన్నటి గీతలు,
ఇటుకపొడి రంగులో.
రేపు ఏ షిఫ్టో చూసుకోవాలి.